బ్యాటరీ దిగిపోతున్న కొద్దీ

డబ్బా మీద పెన్సిల్ రాత:
రీలు పద్నాలుగు. స్లేట్‌లిక్ వాగు, తూర్పు కెంటకీ.
ఆగస్టు, అరవై ఒకటి.
అర్మిల్డా కూంబ్స్, డెబ్బై రెండేళ్ళు. పాట, బాంజో.
కింద ఇంకో వరస ఉంది,
తడి తగిలి అలుక్కుపోయింది.

కాలేజీ నేలమాళిగలో
పాత టేపులు తిప్పడం నా ఉద్యోగం.
ఎండుటాకులా పెళుసెక్కిన రిబ్బను,
ఊపిరి గట్టిగా వదిలినా తెగేలా ఉంటుంది.

ముందు తలుపు కిర్రుమంది.
తర్వాత కోళ్ళు. చూరు నీళ్ళు.
పాట సేకరించడానికొచ్చిన కుర్రాడు గొంతు సవరించుకుని
తారీఖు చెప్పబోతే
“ఉండు బాబూ, తోలు సాగిపోయింది” అందామె.
ఇనుప పొయ్యి మూత తీసిన చప్పుడు.

ముసురుకి మెత్తబడ్డ తోలు
సెగ చూపిస్తే గానీ పలకదు.
డప్పు కాచిన చేతులకి ఈ సంగతి
ఏ కొండల్లోనైనా ఒకరు చెప్పక్కర్లేదు.
“ఏ జంతువు తోలండీ?”
“పిల్లిది. బతికున్నప్పుడూ ఇంతే,
పొయ్యి దగ్గర్నుంచి కదిలేది కాదు.”

అప్పుడు మొదలైంది.
బొటనవేలి కింద పొట్టి తీగ
కథతో తనకేం పని లేనట్టు
ఊఁ, ఊఁ, ఊఁ అంటూనే ఉంది.
పడవవాణ్ణి ప్రేమించిన పిల్ల. ముగ్గురన్నలు.
మూడో చరణానికే తెలిసిపోతుంది ఎవరు మునుగుతారో.
పాడే మనిషి గొంతులో మాత్రం తడి లేదు,
చిక్కుడుకాయలు ఎన్ని శేర్లయ్యాయో చెప్పినట్టు
చెప్పుకుపోతోంది చావుని.

ఆ ఇంటికి కరెంటు లేదు.
కిటికీలోంచి తీగ లాగి
కారు బ్యాటరీ మీద నడిపాడు యంత్రాన్ని.
ఎనిమిదో చరణం దగ్గర బ్యాటరీ దిగడం మొదలైంది,
అక్కడ రీలు నెమ్మదించింది.
అందుకని ఇక్కడ, నా గదిలో,
సరైన వేగంతో తిప్పుతుంటే
ఆమె తొందరపడుతోంది.
గొంతు సన్నబడుతోంది.
తొమ్మిదిలో యాభై ఏళ్ళు,
పదిలో పిల్లల తల్లి,
పన్నెండో చరణంలో పదహారేళ్ళ పిల్ల
పావడా అంచు నీళ్ళలో నానుతుండగా
ఒడ్డున నిలబడి
అన్నల్ని పేరుపేరునా అడుగుతోంది,
నా వాణ్ణేం చేశారని.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను.
కాఫీ చల్లారిపోయింది, అయినా తాగాను.

సరిచెయ్యాలి. దానికే జీతం.
దేన్ని పట్టుకుని కొలవను?
బాంజో కూడా ఆమెతోపాటే పరిగెడుతోంది,
కోళ్ళు సరేసరి.
చివరికి దొరికింది గోడ గడియారం,
పాట వెనకాల, ఎవరూ అడగకుండా,
టిక్కు టిక్కుమంటూ.
మొదటి చరణంలో దాని నడక లెక్కపెట్టి
పన్నెండో చరణాన్ని ఆ నడకకి కట్టేశాను.
మధ్యాహ్నమంతా పట్టింది.
అంగుళం అంగుళం
ఆ పిల్లని ముసలిదాన్ని చేసి
మళ్ళీ పొయ్యి పక్క కుర్చీలో కూర్చోబెట్టాను.

రిజిస్టర్లో రాశాను: వేగం సరిచేయబడింది.
ఒకటి తాకనిది, ఒకటి సరిచేసింది,
రెండూ దాచాలని నియమం.
ఈ నియమం పెట్టినవాడు
ఎవడో గానీ, వాడి కడుపు చల్లగా.

ఇంటికెళ్ళబోతూ డబ్బాని
దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాను.
పెన్సిల్ పోయినా దాని గీత మిగిలింది అట్ట మీద.
కూడబలుక్కున్నాను:

“చివర్లో రీలు వెనక్కి తిప్పి వినిపించాను.
బ్యాటరీ దాదాపు అయిపోయింది. పాట లోతుగా, బొంగురుగా వచ్చింది.
ఇది నేను కాదు, మా నాన్న, అంది.
ఇంకోసారి పెట్టమంది.
కారు స్టార్ట్ కాలేదు.
రాత్రికి చిక్కుడుకాయల కూర.”